చిన్న ఇంజను – చెంచాడు ఆముదము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో ఆముదపు చెట్టును ఎరుగనివా రుండరు. వానకై ఎదురుచూచు ఎఱ్ఱ చెలకలలో, వేరు పంట నిలువని చోట, అది నిలుచును. ‘ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షము’ అని మనవారు దానిని కొంచెము చిన్నచూపుతోనే చూచినారు. కాని ఆ గింజనుండి పిండిన నూనె దీపములోను, తలమీదను, బండి ఇరుసుమీదను పనిచేసి అంతటితో ఆగలేదు. విమానముతో పాటు ఆకాశమున కెక్కినది. పెద్ద విమానములు దానిని విడిచిన తరువాత, పిడికిలిలో ఇమిడెడు నమూనా విమానముల ఇంజనులలో ప్రవేశించి, అక్కడ నేటికిని నిలిచియున్నది.

ఆ చిన్న ఇంజను పుట్టుపూర్వోత్తరములను, దాని మంచిచెడ్డలను తెలిసికొనుటకు మనుష్యులు ఏర్పరచుకొన్న పరీక్షలను చెప్పుట ఈ ప్రసంగపు ఉద్దేశము. ఇది పిల్లల ఆటవస్తువును గూర్చిన ముచ్చట అని తోచవచ్చును. కాని చేతిలోనికి వచ్చిన యంత్రము గట్టిదా, అరిగినదా అను ప్రశ్న ఆటతో ముగియునది కాదు. బావిమీద పెట్టుటకు పాత ఆయిలు ఇంజనును కొన్న రైతును అడిగినచో, ఆ ప్రశ్నకు తప్పు సమాధానము వచ్చిన యేడు ఎట్లు గడచినదో చెప్పగలడు.

ముందుగా మన బండినే తలచుకొందము. గడ్డిని కాల్చిన మసిని ఆముదముతో కలిపి నూరి, ఆ నల్లని ముద్దను ఇరుసునకు పూయుదురు. దానినే కందెన యందురు. కడచీల తీసి, చక్రమును కొంచెము వెలుపలికి లాగి, కందెన పెట్టునప్పుడు అనుభవముగల బండివాడు మరియొక పనికూడ చేయును. చక్రమును రెండుచేతులతో పట్టి పైకి, క్రిందికి, ప్రక్కలకు కదల్చి చూచును. ఆ కదలికనుబట్టి ఇరుసు ఎంత అరిగినదో అతనికి తెలియును. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతము’ అను సామెత పుట్టినది ఇందుకే. కొలబద్ద లేదు, పుస్తకము లేదు. ఉన్నవి చేయియు, చెవియు మాత్రమే. చిన్న ఇంజను పరీక్షయు సారాంశమున ఇదియే. భేదమంతయు సందు పరిమాణములో ఉన్నది. బండి ఇరుసునకు చక్రమునకు నడుమ సందును కంటితో చూడవచ్చును. మంచి నమూనా ఇంజనులో పిస్టనునకు సిలిండరునకు నడుమ నుండు సందు అంగుళములో పదివేలవ వంతులు రెండో మూడో యగును. తలవెంట్రుక మందములో సుమారు పదవవంతు అన్నమాట.

ఇంత సూక్ష్మమైన పనికి మానవుడు ఒక్కనాటిలో చేరలేదు. 1848లో ఇంగ్లండునందలి చార్డ్ పట్టణములో జాన్ స్ట్రింగ్‌ఫెలో ఒక లేసు మిల్లు గదిలో ఆవిరియంత్రము గల చిన్న విమానమును నడిపెనని ప్రసిద్ధి. అమెరికాలో శామ్యూల్ లాంగ్లీ 1896లో ఆవిరితో నడచు నమూనాలను పోటోమాక్ నదిమీద ఎగురవేసి, 1901లో పెట్రోలు ఇంజను గల నమూనాను గాలిలోనికి పంపెను. రైటు సోదరులు మనిషితో ఎగురుటకు రెండేండ్లకు పూర్వమే పెట్రోలు ఇంజను ఒక బొమ్మను మోసికొని ఎగిరినదని దీనివలన తేలుచున్నది. 1914లో ఇంగ్లండులో డేవిడ్ స్టాంగర్ అను నతడు తాను స్వయముగా చేసిన పెట్రోలు ఇంజనుతో ఒక నమూనాను 51 సెకనులు ఎగురవేసెను. ఆ లెక్కను 1932 వరకు ఎవరును దాటలేకపోయిరి. పదునెనిమిదేండ్లు ఒక నిమిషముకన్న తక్కువ కాలమే గొప్పదిగా నిలిచినదన్నచో, తేలికగాను గట్టిగాను ఉండు ఇంజనును చేయుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

ఇంతలో పెద్ద విమానములు ఆముదమును కనుగొనినవి. ఫ్రాన్సులో సెగ్వీన్ సోదరులు చేసిన నోమ్ ఇంజను విచిత్రమైనది. అందులో సిలిండరులన్నియు ప్రొపెల్లరుతో పాటు గిరగిర తిరుగును. పెట్రోలు ఆవిరి ఇంజను గర్భముగుండా పోయి సిలిండరులకు చేరవలెను. సాధారణమైన ఖనిజపు నూనె పెట్రోలులో కరిగి పలుచనై కొట్టుకొనిపోవును. ఆముదము పెట్రోలులో సులభముగా కరుగదు. లోహమును అంటిపెట్టుకొని యుండును. మిక్కుటమైన వేడిలోను పలుచని పొరగా నిలుచును. అందుచేత మొదటి ప్రపంచయుద్ధమున తిరుగుడు ఇంజనులుగల విమానములు చాలవరకు ఆముదము త్రాగియే ఎగిరినవి. ఒకసారి పోసిన నూనె మరల తిరిగి రాదు, పొగతో వెడలిపోవును. వైమానికుల ముఖములమీదను, బట్టలమీదను ఆముదపు తుంపరలు పడుచుండెడివి. అమెరికా సైన్యము 1918లో తన రైతులచేత ప్రత్యేకముగా ఆముదపు పంట వేయించినది. చార్లెస్ వేక్‌ఫీల్డు 1909లో తన నూనెకు పెట్టిన ‘కాస్ట్రాల్’ అను పేరుకూడ ఆముదపు ఆంగ్లనామమునుండి వచ్చినదే.

నమూనా ఇంజను అంగడి వస్తువైనది ఆ తరువాత. ఫిలడెల్ఫియా నగరమున విలియం బ్రౌన్ అను యువకుడు సుమారు పది ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజనును చేసెను. అతని మిత్రుడు మాక్స్‌వెల్ బాసెట్ ఆ ఇంజనుతో 1933లో అమెరికా జాతీయపోటీలకు వెళ్లి, రబ్బరు పట్టీల బలముతో ఎగురు నమూనాల నన్నిటిని ఓడించెను. పోటీ నిర్వాహకులు ఇంజను నమూనాలకు వేరుగా ఒక తరగతి నేర్పరుపవలసి వచ్చినది. 1934నుండి ‘బ్రౌన్ జూనియర్’ అను పేరుతో ఆ ఇంజను అమ్మకమునకు వచ్చినది. వెల ఇరువది యొకటిన్నర డాలర్లు. ఆర్థికమాంద్యపు దినములలో అది ఒక పనివానికి వారముపైబడిన కూలి. అంత ధనము పోసి కొనిన వస్తువు మంచిదో కాదో తెలిసికొనవలెనన్న కోరిక అప్పుడే పుట్టినది.

ఆనాటి ఇంజనులకు మంట పుట్టించుటకు బ్యాటరీ, చుట్ట, కండెన్సరు కావలెను. ఆ బరువును రెండు మార్గములు తప్పించినవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున స్విట్జర్లాండులో ‘డైనో’ అను ఇంజను వెలువడినది. దీనిలో నిప్పురవ్వయే అవసరము లేదు. ఈథరు, కిరసనాయిలు, ఆముదము ఇంచుమించు సమపాళ్లలో కలిపిన ఇంధనమును గట్టిగా నొక్కినచో తనంతట తానే అంటుకొనును. సిలిండరు పైభాగమున మరియొక చిన్న పిస్టను ఉండును. దానిని మరతో దించుచు, ఎత్తుచు నొక్కుడును సరిచేయవలెను. నిజమైన డీజిలు ఇంజనులో వలె ఇందులో ఇంధనమును చిమ్ముట లేకున్నను, లోకము దానిని డీజిలనియే పిలిచినది. ఇంగ్లండులో 1946లో వచ్చిన మిల్స్ ఇంజను ఈ జాతిలో మేలైనదిగా పేరుపొందినది. అమెరికాలో రే ఆర్డెన్ 1947లో రెండవ మార్గము చూపెను. సన్నని ప్లాటినము తీగచుట్టను ఒక్కసారి బ్యాటరీతో వేడిచేసినచో, తరువాత మెథనాలు ఆవిరి తగిలి ఆ తీగ తనంతట తానే ఎఱ్ఱగా వెలుగుచుండును. దీనికి గ్లో ప్లగ్గని పేరు. ఈ ఇంజనులకు మెథనాలుతో పాటు ఐదవవంతో నాలుగవవంతో ఆముదము కలిపెడివారు. మార్గము లేవైనను ఆముదము మాత్రము తప్పలేదు.

ఇక గుణపరీక్షకు వత్తము. పిస్టనును సిలిండరును ఒకదానికొకటి తగినట్లు చేయుటయే ఈ పనిలో ప్రాణము. లేతుమీద కోసిన మాత్రమున ఆ నునుపు రాదు. సన్నని రాపిడిపొడిని నూనెతో కలిపి, లోహపు కడ్డీకి పూసి, సిలిండరు లోపలిభాగమును ఓపికతో రుద్దవలెను. పిస్టనును అట్లే రుద్దవలెను. నూనె తప్ప మరే అడ్డును లేక గాలిని ఆపగల స్థితికి రెండును వచ్చువరకు రుద్దవలెను. పిమ్మట ఆ పొడి రేణువు ఒక్కటియు మిగులకుండ కడుగవలెను. కడుగుటలో అశ్రద్ధ చేసినచో ఆ రేణువు లోహములో నాటుకొని, ఇంజను తిరిగినంతసేపును దానిని లోపలనుండి తినివేయును. చూచుటకు రెండు ఇంజనులును ఒక్కటే. ఒకటి పది సంవత్సరములు నడచును. రెండవది పది గంటలలో ముసలిదగును.

గద్వాల చీర నెరిగినవా రిట్టి పరీక్షకు క్రొత్తవారు కారు. నూలు నేతగల ఒడలును, పట్టు అంచును కలియు చోటునే వారు మొదట చూతురు. రెండు భిన్నమైన దారములు అక్కడ పోగునకు పోగు ముడిపడవలెను. తిరుగవేసి చూచినను ఆ అతుకు సమముగా నుండవలెను. అంచుమీది జరీ ఎంత మెరసినను, అతుకు వదులైనచో ఆ చీర నిలువదు. ఇంజనులోను పోతయినుప పిస్టనును, గట్టిపరచిన ఉక్కు సిలిండరును రెండు భిన్నలోహములు. వెలుపలి మెరుగు జరీవంటిది. గుణమంతయు ఆ రెండును కలియు చోట నున్నది.

1950 దశకమున కాలిఫోర్నియాలో లీరాయ్ కాక్స్ ఈ చేతిపనిని యంత్రములకు అప్పగించెను. 1956లో వెలువడిన ‘బేబ్ బీ’ ఇంజను ఘనపరిమాణము సెంటీమీటరులో ఎనిమిది పదవవంతులు మాత్రమే. సిలిండరును, దాని రెక్కలను ఒకే ఉక్కు కడ్డీనుండి కోసెడివారు. పిస్టనులను సిలిండరులను సూక్ష్మముగా కొలిచి, తరగతులుగా విడదీసి, సరిపడినవానిని జతకూర్చెడివారు. పిల్లలు జేబురొక్కముతో కొనగల వస్తువునకు గడియారపు పనితనము అబ్బినది. జపానులో షిగెయో ఒగావా 1936లో ఒసాకాలో ప్రారంభించిన ఓ.ఎస్. సంస్థయు, టోకియోలో ఎన్యా సోదరుల సంస్థయు అట్టి నమ్మకమునే గడించినవి. 1960 దశకమున క్రోమియము పూసిన ఇత్తడి సిలిండరులో అల్యూమినియము పిస్టను నడచు పద్ధతి వచ్చినది. ఈ జాతి ఇంజను చల్లగా నున్నప్పుడు పైకొసన బిగిసి పట్టును. వేడెక్కి సిలిండరు వ్యాకోచించిన పిమ్మట సరిపడును. ఈ సంగతి తెలియనివారు క్రొత్త ఇంజనును చెడినదని త్రిప్పి పంపుటయు, తెలిసినవారు దానిని మంచిదని ఉంచుకొనుటయు జరిగెడిది. పరీక్షకు ముందు వస్తువు జాతిని తెలియవలెనన్నది ఇందలి పాఠము.

కొనువారికి దారి చూపుటకు పరీక్షకులు కొందరు బయలుదేరిరి. ఇంగ్లండులో లారెన్స్ స్పేరీ, రాన్ వారింగ్, పీటర్ చిన్ అనువారు పత్రికలలో ఇంజనులను విప్పి, తూచి, కొలిచి, నడిపి, బలమును లెక్కకట్టి ప్రకటించిరి. ప్రకటనకర్త చెప్పిన బలమును వారు యథాతథముగా నమ్మలేదు. వారి వ్రాతలవలన ఒక తరము విద్యార్థులకు యంత్రమును మెచ్చుకొనుటకు ముందు విప్పి చూడవలెనను అలవాటు అబ్బినది.

మన దేశములో ఈ విద్యకు పెద్ద ఆశ్రయము ఎన్.సి.సి. 1950లో దాని వైమానికశాఖ ఏర్పడినప్పటినుండి నమూనా విమానముల నిర్మాణము శిక్షణలో భాగమైనది. కలకత్తాలో ‘అరోరా’ అను పేరుతో చిన్న డీజిలు ఇంజనులు తయారై దేశమంతట విద్యార్థుల చేతులకు వచ్చినవి. మిల్స్ నమూనాను అనుసరించిన ఇంజనులు ఇంగ్లండులో ఆగిపోయిన చాలకాలమునకుకూడ మన దేశములో తయారైనవి. ఈ ఇంజనులను గూర్చి అనుభవజ్ఞులు చెప్పుమాట ఒక్కటే: ఒకదానికొకటి పోలిక లేదు, పెట్టెలో పది యున్నచో పదింటిని చేతితో త్రిప్పి చూచి ఒకదానిని ఎంచుకొనవలెను.

నా విద్యార్థిదశలో నేను హైదరాబాదున వైమానికశాఖ కేడెటుగా ఉంటిని. రెండు నెలలు టీ మానుకొని కూడబెట్టిన రూపాయలతో, పాత సామానుల అంగడిలో ఒక డీజిలు ఇంజనును కొంటిని. ప్రొపెల్లరును త్రిప్పినచో పైకొసన గట్టిగా అడ్డుకొని, విడిచిన వెంటనే వెనుకకు తన్నినది. ఇంతకన్న మంచి ఇంజను ఉండదని ఉప్పొంగితిని. మా శిక్షకులు దానిని చేతిలోనికి తీసికొని, ఏమియు పలుకక, ఒక గిన్నెలో కిరసనాయిలు పోసి, అందులో ముంచి, నాలుగుసార్లు త్రిప్పి, తుడిచి, నా చేతికిచ్చి, ‘ఇప్పుడు చూడు బాబూ’ అనిరి. త్రిప్పితిని. అడ్డే లేదు. సోడాబుడ్డి మూత ఊడినట్లు గాలి బుస్సున పోయినది. లోపల పోసిన చిక్కని నూనెయే ఇంతవరకు గాలిని ఆపినది. అరిగిన ఇంజనుకు ఆముదము యౌవనమును అప్పుగా ఇచ్చినది. ఆ అప్పును నేను తీర్చితిని.

ఆ సంవత్సరమే రెండవ పాఠము. ఒక పాత ఇంజను ఎవరికిని అక్కరలేక పెట్టె అడుగున పడియుండెను. షాఫ్టు అణువంతయు కదలదు. పట్టకారుతో బలవంతముగా త్రిప్పిన గాట్లుకూడ దానిమీద ఉండెను. తుప్పు పట్టి బిగిసినదని అందరి నిర్ణయము. శిక్షకులు దానిని కొంతసేపు వెచ్చచేసి, మెథనాలుతో తడిపి, ఒక రాత్రి ఉంచి, మరల వెచ్చచేసిరి. మరునాడు అది వ్రేలితో తిరిగినది. ఆముదము ఏండ్ల తరబడి నిలువయున్నచో గోధుమరంగు జిగురై, వార్నీషువలె గట్టిపడును. తుప్పు కాదు, ఆ జిగురే దానిని బంధించినది. లోపల లోహము అద్దమువలె ఉండెను. బంధించిన ఆముదమే దానిని తుప్పునుండి కాపాడినది. ఆ ఇంజను నాయొద్ద ఇప్పటికిని నడచుచున్నది.

ఈ రెండు అనుభవములను పెట్టి చూచినచో పరీక్షకు ఒక క్రమ మేర్పడును. మొదట వెలుపల చూడవలెను. మరల తలలు నలిగియున్నవా, బిగించు చెవుల రంధ్రములు సాగినవా, పట్టకారు గాట్లున్నవా అని చూచినచో, ఇంతకుముందు యజమాని స్వభావము తెలియును. బిగిసియున్నదానిని బలముతో త్రిప్పరాదు. రెండవది, కడుగవలెను. కడిగి, పలుచని నూనె బొట్టు ఒకటి మాత్రము వేసి, అప్పుడు కంప్రెషను చూడవలెను. ప్రొపెల్లరును మెల్లగా పైకొసకు తెచ్చి, పట్టియుంచవలెను. మంచి ఇంజను కొన్ని సెకనులు గాలిని పట్టును. గాలి పోవుచున్నచో ఎక్కడనుండి పోవుచున్నదో చూడవలెను. మూతవద్ద నూనె బుడగలు వచ్చినచో అది బిగించుటతో కుదురును. పొగదారివద్ద బుడగలు వచ్చినచో పిస్టను అరిగినది. దానికి సులభమైన మందు లేదు.

మూడవది, కనెక్టింగు రాడు. పిస్టనును పైకొసన నిలిపి ప్రొపెల్లరును అటునిటు కొంచెముగా ఊపవలెను. పిస్టను కదలకముందు ప్రొపెల్లరు ఎంతదూరము వట్టిగా కదలునో అంత అరుగుదల యున్నది. టక్కుమను చిన్న చప్పుడు వేలికి తెలియును. నాలుగవది, షాఫ్టు. బండివాడు చక్రమును కదల్చినట్లే దీనిని పైకి క్రిందికి కదల్చి చూడవలెను. నూనెపొరకు చోటుండవలెను గనుక కొద్దిపాటి కదలిక దోషము కాదు. మిక్కిలిగా కదలినచో నడుచునప్పుడు ముందువైపు ఇంధనము కారును. గుండ్ల బేరింగులున్నచో, త్రిప్పునప్పుడు ఇసుక నలిగినట్లు తోచిన యెడల అవి తుప్పు తినినవి. మెథనాలు మండిన పిదప మిగులు తేమయు ఆమ్లమును ఈ పని చేయును. బేరింగులు మార్చవచ్చును గాన ఈ ఒక్క దోషముచేత ఇంజనును త్రోసివేయరాదు. ఐదవది, పొగదారినుండి లోపలికి చూడవలెను. పిస్టను ప్రక్క నునుపుగా మెరసినచో మేలు. నిలువుగీతలున్నచో దుమ్ము మ్రింగినదని అర్థము. మన చెలకల ఎఱ్ఱదుమ్ములో విమానము ముక్కుతో నేల దిగినప్పుడు జరుగునది ఇదే. అట్టిచో ఒక్కసారికూడ త్రిప్పక ముందు విప్పి కడుగవలెను.

చివరిది చెవి పరీక్ష. రేడియో శ్రోతలకు ఇది సులభముగా బోధపడును. నిమిషమునకు పండ్రెండువేల చుట్లు తిరుగు రెండు స్ట్రోకుల ఇంజను సెకనుకు రెండువందలసార్లు పేలును. అదియే దాని శ్రుతి. ఇంధనమును ఎక్కువగా ఇచ్చినచో ఒక చుట్టు విడిచి ఒక చుట్టు పేలును. శ్రుతి ఇంచుమించు ఒక స్థాయి దిగి మంద్రమునకు వచ్చును. క్రొత్త ఇంజనును మొదట ఈ మంద్రస్థాయిలోనే, కొద్దికొద్ది సేపులుగా, నడుమ చల్లారనిచ్చుచు నడిపింతురు. అధికమైన ఇంధనముతో వచ్చు ఆముదము దానిని చల్లగా ఉంచుచు, ఎత్తుపల్లములను మెల్లగా సరిచేయును. అరిగిన ఇంజను చల్లగా నున్నప్పుడు బాగుగనే పాడును. వేడెక్కి నూనె పలుచబడగానే శ్రుతి జారి నీరసించును. ఆపి వెంటనే మరల నడుపబోయినచో మొండికెత్తును. కావున అమ్మువాడు ఒకసారి నడిపి చూపినచో చాలదు. వేడిగా నున్నప్పుడే ఆపి, మరల నడిపి చూపుమని అడుగవలెను. బావిమీది ఇంజను కొనువారికిని ఈ మాట పనికివచ్చును.

వనపర్తి రాజప్రాసాదములో 1959నుండి పాలిటెక్నిక్ విద్యాలయము నడచుచున్నది. సంస్థానాధీశుల మేడలో రైతుబిడ్డలు ఆకురాయి పట్టుట నేర్చుకొనిన దృశ్యము ఈ సీమ చరిత్రలో చిన్నది కాదు. ఆకురాయితో ఒక ఇనుపముక్కను చదునుచేసి, మరియొక ముక్కతో వెలుతురు దూరకుండ జతచేయుట ఫిట్టరు విద్యకు ఓనమాలు. పిస్టను సిలిండరుల జతయు అదే పాఠమునకు పై తరగతి.

ఆముదపు విత్తునకుకూడ ఇచట ఒక గుణపరీక్ష జరుగుచున్నది. నాగర్‌కర్నూలు సమీపమున పాలెము వ్యవసాయ పరిశోధనాకేంద్రము ‘క్రాంతి’, ‘హరిత’, ‘కిరణ్’ మొదలగు ఆముదపు రకములను రైతులకు ఇచ్చినది. పత్తి విస్తరించుటచేత ఆముదపు సేద్యము తగ్గినను, ఆ చెట్టు ఇంకను ఈ నేలను విడువలేదు. నమూనా విమానములలోను అట్టి మార్పే వచ్చినది. విద్యుత్తు మోటారులు, లిథియము బ్యాటరీలు వచ్చి చిన్న ఇంజనులను చాలవరకు ప్రక్కకు నెట్టినవి. వానికి చప్పుడు లేదు, జిగురు లేదు, మసి లేదు. పాత ఇంజనులు పెట్టెలలోను, అటకలమీదను చేరినవి. బిగిసినవని కొన్నిటిని పారవేయుచున్నారు. తళతళలాడుచున్నవని కొన్నిటిని ఎక్కువ వెలకు కొనుచున్నారు. రెండింటను తప్పు అవకాశమున్నది.

ఒక వేసవిలో నేను నాగర్‌కర్నూలు ప్రక్క పల్లెలో ఆ పాత ఇంజనును నడిపితిని. పిల్లలందరు చుట్టుముట్టిరి. వెనుక అరుగుమీద కూర్చున్న ఒక వృద్ధుడు, ఏండ్లకొలది బండి తోలినవాడు, నీలిపొగ తనవైపు రాగానే కన్నులు మూసికొని గాలి పీల్చి, ‘బిడ్డా, ఇది మన కందెన వాసనే గద!’ అనెను. అవును తాతా అని ఇంజనును ఆపి అతని చేతిలో పెట్టితిని. అతడు దానినిగూర్చి ఏమియు అడుగలేదు. ప్రొపెల్లరును రెండువ్రేళ్లతో పట్టుకొని, పైకి, క్రిందికి, ప్రక్కలకు మెల్లగా కదల్చి చూచి, ‘ఇరుసు మంచిగున్నది’ అని తిరిగి నా కిచ్చెను.